వీరమ్మ కుట్టిన మంద

డిసెంబరు వచ్చిందంటే మార్కాపురంలో అందరికీ చలేస్తుంది, వీరమ్మకు మాత్రం ఒళ్ళు మండుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకు నల్లబట్టలు కావాలి. క్రిస్మస్ చేసుకునేవాళ్ళకు కొత్త జాకెట్లు కావాలి. ధనుర్మాసం పడకముందే పెళ్ళి కానిచ్చేయాలని తొందరపడే షావుకార్ల ఇళ్ళకు పట్టుచీరెల ఫాల్స్ కావాలి. అందరికీ రేపే కావాలి. ఈ గోల చాలదన్నట్టు ఈ ఏడు ఆమె పలకరాయి అరుగు మీదికి ఒక గొర్రెల మంద వచ్చి చేరింది. మేత అడగదు, నీళ్ళు అడగదు, అరవదు. అయినా నిజం మందను అడవిలో మేపిన రోజుల్లో కూడా వీరమ్మ ఇంత విసిగిపోలేదు.

ఆ మంద ఆమె చేత్తో కుట్టిందే.

వీరమ్మ పుట్టింది పుల్లలచెరువు దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే నల్లమల అంచు పల్లెలో. అక్కడ మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ, గొర్రెల కంటే రాళ్ళు ఎక్కువ, నీళ్ళు మాత్రం అన్నిటికంటే తక్కువ. నడక రాకముందే తన కూతురు మంద వెంట పోయేదని ఆమె నాయన గొప్పగా చెప్పుకునేవాడు. నడక రాకుండా ఎలా పోయిందని అనుమానం వచ్చినవాళ్ళకు, ఒక ముసలి పొట్టేలు మోసుకొని పోయేదని జవాబు. ఆ పొట్టేలు పోయాక గానీ పిల్ల నడక నేర్చుకోలేదట.

ఆమెను ఇచ్చింది కూడా గొర్రెలవాడికే. కాటమరాజు మనిషి మంచివాడు, కర్ర పొడుగు, మాట అంతకంటే పొడుగు. బీళ్ళు తరిగిపోయి, మోకాళ్ళు అరిగిపోయాక ఉన్న మందను అమ్మేసి, భార్యాభర్తలిద్దరూ మార్కాపురంలో చర్చి వెనక వీధికి వచ్చి పడ్డారు. మంద పోయింది గానీ కాటమరాజులో కాపరి పోలేదు. కాయడానికి ఇంకేమీ లేక పెళ్ళాన్ని కాయడం మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లో ఉంటే గడప మీద, మిషను దగ్గర ఉంటే అరుగు చివర. కుడుతున్నంతసేపూ చూస్తాడు. చూసి ఊరుకుంటే గొడవే లేదు.

కుట్టుపని వీరమ్మకు నేర్పింది పక్కింటి మణెమ్మ. ఆవిడ చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెబుతుంది. అప్పట్లో చర్చి హాల్లో ఆడవాళ్ళకు కుట్టు కూడా నేర్పేది. పాటలు ఉచితం, సూదులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. వీరమ్మ మొదటి జాకెట్టు కుట్టినప్పుడు దానికి మెడ పట్టే దారి లేదు. రెండోదానికి మెడ తప్ప వేరే ఏమీ లేదు. ఆ తర్వాత మాత్రం ఆమె చేతికి అడ్డం లేకపోయింది. బియ్యం బస్తా గోతంతో ఆమె కుట్టిన సంచిలో ఒకావిడ నీళ్ళు తెచ్చుకుందని వీధిలో చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. తెచ్చుకుంది మజ్జిగ.

చేతిలో గుడ్డముక్క ఉంటే ఆమె ఊరుకోలేదు. టీవీకి గౌను కుట్టింది. మిక్సీకి కుచ్చుల టోపీ కుట్టింది. గ్యాస్ బండకు అంచు లంగా, నీళ్ళ క్యానుకు చొక్కా. జాకెట్ల అంచుల్లో మిగిలిన పట్టుముక్కలతో చిలకలు చేసి గుమ్మానికి వేలాడదీసింది. ఆ ఇంట్లో గుడ్డ లేకుండా తిరిగేది బల్లి ఒక్కటే.

"నేను కాసేపు కదలకుండా కూర్చుంటే నాకూ తొడుగు కుడతాది" అని కాటమరాజు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

"కుడతా, ముందు నోటికి కుడతా" అనేది వీరమ్మ.

అయితే ఇవన్నీ తీరిక వేళ ఆటలు. బతుకంతా కొలతలే. ఒకామెకు చంక బిగుతు, ఒకామెకు వీపు వదులు, ఇంకొకామె పండుగకూ పండుగకూ మధ్య లావెక్కి వచ్చి జాకెట్టే ముడుచుకుపోయిందంటుంది. కొలత లేకుండా, వంక లేకుండా, తన ఇష్టానికి తాను ఏదైనా కుట్టి ఒకరి చేతిలో పెట్టాలని వీరమ్మకు ఎప్పటినుంచో కోరిక. నవంబరు చివర్లో మణెమ్మ వచ్చి అడిగినప్పుడు అందుకే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"వదినా, పోయిన క్రిస్మస్‌కు పిల్లలకు ప్లాస్టిక్ కార్లు పంచినాం గదా. పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యేలోపలే చక్రాలు ఊడి బెంచీల కింద దొర్లినాయి" అంది మణెమ్మ. "ఈసారి కుట్టిన బొమ్మలు ఇద్దామని కమిటీలో నేనే పట్టుబట్టినా. క్రీస్తు పుట్టినప్పుడు కాపరులు వచ్చినారు గదా, అందుకని తలా ఒక గొర్రెపిల్ల. నువ్వు తప్ప ఎవరు కుడతారు?"

"గొర్రెపిల్లనా! కళ్ళు మూసుకొని కుడతా."

"కళ్ళు తెరుచుకొనే కుట్టు తల్లీ. ప్రకాశరావు సార్ ఒప్పుకోలేదు, నా మాట మీద ఊరుకున్నాడు. ఇది చెడిందంటే మళ్ళీ ఆ ప్లాస్టిక్ మూటే. నన్ను ఇంక కమిటీలో నోరెత్తనియ్యరు."

ప్రకాశరావు రిటైరైన హెడ్మాస్టరు, చర్చి క్రిస్మస్ కమిటీకి పెద్ద. మర్నాడే ఆయన నమూనా పట్టుకొని వచ్చాడు. అది ఒక పాత క్రిస్మస్ కార్డు. మంచు కురుస్తున్న కొండ మీద తెల్లగా, గుండ్రంగా, మొహం తప్ప అంతా ఉంగరాల బొచ్చుతో నాలుగు గొర్రెలు నిలబడి ఉన్నాయి.

"ఇట్లా ఉండాలమ్మా వీరమ్మా. తెల్లగా, ముద్దుగా" అన్నాడాయన.

వీరమ్మ కార్డును వెలుగులో పెట్టి చూసింది. తిప్పి చూసింది. "ఇది గొర్రెనా సార్? పరుపు చిరిగి దూది బయటికొచ్చినట్టుంది."

"విదేశీ గొర్రెలమ్మా అవి."

"అట్లనా. మరి బెత్లెహేము ఊరు యాడుంది సార్, మంచు పడే తావా?"

ప్రకాశరావు కార్డు అక్కడే పెట్టి వెళ్ళాడు. ఆయన మాట తీసేయకూడదని వీరమ్మ ఆ కార్డును చూసి ఒకటి కుట్టింది. తెల్ల గుడ్డ, ఉంగరాల నూలు, పొట్టి కాళ్ళు. అరుగు మీద నిలబెట్టింది. అది కాసేపు ఆలోచించి పక్కకు ఒరిగి పడుకుంది.

కాటమరాజు దాని డొక్క నొక్కి చూశాడు. "ఇది మన ఎండకు మార్చి దాకా బతకదు. ఇప్పుడే అమ్మేసెయ్."

ఆమెకూ అది నచ్చలేదు. కుట్లు విప్పేసింది. తనకు తెలిసిన గొర్రెనే కుడదామనుకుంది. పొడుగు కాళ్ళు, వాలిన చెవులు, సన్నటి మూతి. ఒళ్ళంతా ఎర్రగా ఉండే దొర రకం, తెల్ల ఒంటి మీద కళ్ళ చుట్టూ మూతికీ నలుపు పూసుకున్నట్టుండే జోడిపి రకం. రంగుకు రంగు కట్‌పీసులు బీరువా కింద ఎన్నో ఉన్నాయి. లోపల కూరడానికి కత్తిరింపు ముక్కలు, బూరుగు దూది. చెవులకు మాత్రం మామూలు గుడ్డ పనికిరాలేదు, మెత్తగా వేలాడాలి, పోగులు ఊడకూడదు. ఇల్లంతా వెతికి, దండెం మీదున్న కాటమరాజు పాత గొంగడి మీద కత్తెర వేసింది.

"నా గొంగడి యాడే?" అన్నాడు కాటమరాజు సాయంత్రం.

"గొర్రెల మీద నుంచి వచ్చింది, గొర్రెల మీదికే పోయింది. నీకు స్వెట్టరు కుడతాలే."

"దాని కింద పడుకొని పులి అరుపు విన్నానే నేను!"

"పులి నీ గురక విని అరిచి ఉంటాది."

గొంగడి పోయిన కడుపుమంటో, ఊసుపోకో, ఆనాటినుంచి అతను ఒక్కొక్క బొమ్మనూ సంతలో కొనేవాడిలా పరీక్షించడం మొదలుపెట్టాడు. దీనికి రొమ్ము చాలలేదన్నాడు. దానికి వెనక కాలు కుంటన్నాడు. ఒకదాని మూతి తెరిచి చూడబోయి, "ఏమే, దీనికి పళ్ళు లేవే! వయసెట్ల తెలుస్తది?" అని అడిగాడు.

"బొమ్మకు వయసెందుకయ్యా? నాకు వయసైపోతాంది నీతో."

ఇలాగే ఉంటే ఒకనాడు కనిగిరి వైపు నుంచి అతని పాత సావాసగాడు వచ్చాడు. ఇద్దరూ టీ తాగారు. తర్వాత ఒక దొర గొర్రెను మధ్యలో నిలబెట్టి, దాని మీద తువ్వాలు కప్పి, సంతలో లాగా తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటూ గుట్టుగా బేరం మొదలుపెట్టారు. వీరమ్మ మిషను ఆపేసి చూసింది.

"ఏమయ్యా, చర్చి బొమ్మను అమ్ముతాండావా?"

"అమ్మడం లేదే. అలవాటు పోకుండా చూసుకుంటాన్నా" అన్నాడు కాటమరాజు, చెయ్యి బయటికి తీయకుండానే. ఇంకాస్త ఆగితే బేరం కుదిరిపోయేది కూడా.

వాళ్ళను తరిమేసరికి నాగమల్లేశ్వరి వచ్చింది. బజారులో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళావిడ. ఆమె చెల్లెలి పెళ్ళి దగ్గర పడింది. వస్తూనే అరుగు మీద బారులు తీరిన మందను చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏంది వీరమ్మక్కా ఇది? నా జాకెట్టుకు ఇంకా చేతులు రాలేదు గానీ గొర్రెలకు కళ్ళు కూడా వచ్చినాయా?"

"రేపు పంపిస్తా మల్లేశ్వరమ్మా."

"ఆ రేపు పోయిన వారం నుంచి వస్తానే ఉంది." ఆమె ఒక జోడిపిని చేతిలోకి తీసుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ, ఆ వాలు చెవులూ వెర్రి చూపూ చూసి ఎందుకో నవ్వొచ్చింది. "ఇది మా ఆడబిడ్డ మాదిరి చూస్తాంది చూడు" అంది. పోతూ పోతూ దాన్ని కూడా సంచిలో వేసుకోబోతే వీరమ్మ వెంటపడి లాక్కొచ్చుకోవాల్సి వచ్చింది.

ఇన్ని చికాకుల నడుమ వీరమ్మకు దక్కిందల్లా మధ్యాహ్నం పూట కాసేపు. కాటమరాజు టీకొట్టుకు పోయేవాడు. వీధి సద్దుమణిగేది. అప్పుడు ఆమె మిషను వదిలి సూదీ దారం తీసుకొని గొర్రెలకు కళ్ళు కుట్టేది. నల్లదారంతో ఒక ముడి. ఆ ముడి ఒక పిసరు పైకి పడితే గొర్రెకు పొగరొస్తుంది. కిందికి పడితే బెంగ. మూతి పక్కన ఒక కుట్టు లాగితే, ఎవరి చేనులోనో దూరి మేసి వచ్చినట్టు దొంగ చూపు. తాను చిన్నప్పుడు కాసిన గొర్రెలన్నీ ఒక్కొక్కటే ఆ గుడ్డల్లోంచి తల బయటపెట్టేవి. ముళ్ళకంపలో ఇరుక్కొని కూడా మేత ఆపనిది ఒకటి. వానకు కాదు, ఉరుముకు కాదు, కాకికి భయపడేది ఒకటి. "నువ్వా? నువ్వు ఇంకా చావలేదా?" అని నవ్వుకొనేది వీరమ్మ. ఏ కొలతా లేదు. ఎవరూ బిగుతనడం లేదు, వదులనడం లేదు. ఆ కాసేపటి కోసం మిగతా రోజంతా ఎన్ని తిట్లయినా పడవచ్చనిపించేది. ఈ గొర్రెలు పిల్లల చేతుల్లోకి పోతుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమెకు ఆశ పట్టుకుంది.

క్రిస్మస్ ముందురోజు పొద్దున ప్రకాశరావు ఆటో తీసుకొని బొమ్మలకోసం వచ్చాడు. మణెమ్మ వెంట ఉంది. వీరమ్మ చాప పరిచి మందనంతా నిలబెట్టింది. ప్రకాశరావు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మేకల్లా ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

కాటమరాజు చటుక్కున లేచాడు. ఇన్నాళ్ళూ ప్రతి గొర్రెకూ వంక పెట్టినవాడికి ఇప్పుడు రోషం పొడుచుకొచ్చింది. "మేకలా! సార్, మీరు పెద్దోళ్ళు, ఆ మాట మాత్రం అనగాకండి. ఇట్లాంటి గొర్రెలు సంతలో కావాలన్నా దొరకవు."

"గొర్రెలేనని నాకూ తెలుసు కాటమరాజూ. మా తాతా కాచినవాడే. చూసేవాళ్ళకు తెలియాలి కదా" అన్నాడు ప్రకాశరావు. అప్పటికీ ఆయన సర్దుకున్నట్టే కనిపించాడు. ఎర్రదాన్ని ఒకదాన్ని ఎత్తి, పర్వాలేదన్నట్టు తల ఊపి, చెవి పట్టుకున్నాడు. ఆగాడు. రెండోదాన్ని ఎత్తాడు. మూడోదాన్ని ఎత్తాడు. "అమ్మా, వీటి చెవులు తెగి ఉన్నాయేమిటి?"

వీరమ్మ వంగి చూసింది. ప్రతి గొర్రెకూ ఎడమ చెవి నిలువునా చీలి ఉంది. కుడి చెవికి కొన లేదు. ఒక్కటంటే ఒక్కదానికి నిండు చెవులు లేవు.

అది వాళ్ళ నాయన మంద గుర్తు. వాళ్ళ పల్లెలో పుట్టిన ప్రతి పిల్లకూ చెవికి గాటు పెట్టందే మందలో కలపరు. ఎవరి గాటు వాళ్ళది. నిండు చెవులతో తిరిగే గొర్రె ఎవరిదీ కాదు, దొరికినవాడిది. చిన్నప్పుడు నాయన గాటు పెడుతుంటే పిల్లను ఒళ్ళో పట్టుకొని కూర్చున్నది వీరమ్మే. ఇప్పుడు గొంగడి చెవులు కత్తిరించి తలకు కుట్టినప్పుడల్లా, ఆమె ఏదో ఆలోచనలో ఉండగా, కత్తెర దానంతటది రెండు గాట్లు పెట్టుకుంటూ పోయింది. జాకెట్టు గుడ్డకు కుట్టు గుర్తు కోసం మెడ దగ్గర నాచ్ పెట్టినట్టు, చంక దగ్గర నాచ్ పెట్టినట్టు. కాటమరాజు ఇన్ని రోజులు ఇన్ని వంకలు పెట్టాడు గానీ చెవుల గురించి మాట్లాడలేదు. చెవి తెగని గొర్రెను అతనూ ఎన్నడూ చూడలేదు మరి.

"మా పక్క గుర్తు సార్ అది" అంది వీరమ్మ నీరసంగా.

"గుర్తు లేకుంటే దొంగలు తోలుకపోరా?" అన్నాడు కాటమరాజు, సాయం చేద్దామని.

"చర్చిలో దొంగలెవరు కాటమరాజూ?"

కాటమరాజు ఆ ప్రశ్న గురించి నిజాయితీగా ఆలోచించడం మొదలుపెట్టాడు. మణెమ్మ అతని చేయి గిల్లి ఆపింది.

ప్రకాశరావు కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వీరమ్మకు తిట్టడానికైనా వీలుండేది. "చెవులు తెగిన బొమ్మలు పంచితే చిరిగిన సామాను పంచారంటారమ్మా. పోయినేడాది కార్ల విషయంలోనే ఊరంతా నవ్వారు. నేను బజారుకు పోయి ఏదో ఒకటి చూస్తాను" అని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

మణెమ్మ చాప మీద కూలబడింది. "వదినా, ఒక్క మాట చెప్పుంటే..."

"నాకే తెలీదు, నీకేం చెప్పేది! నా చేతులు విరగ్గొట్టాల."

"మళ్ళీ చెవులు కుట్టలేవా?"

"గొంగడి అయిపోయింది. ఇంక మిగిలినవి ఈయన చెవులే" అంది వీరమ్మ. కాటమరాజు లోపలికి పోయాడు.

క్రిస్మస్ నాడు మణెమ్మ ప్రతి ఏడూ వాళ్ళను భోజనానికి పిలుస్తుంది. ఆరాధన జరుగుతున్నంతసేపూ వీరమ్మ, కాటమరాజు బయట షామియానా కింద కుర్చీల్లో కూర్చుంటారు. ఈసారి వీరమ్మ రాననే అనుకుంది. చివరికి వచ్చింది, గోతం సంచి నిండా గొర్రెలతో.

"వాళ్ళు వద్దన్నారు గదా, మళ్ళా ఎందుకే మోసుకొస్తివి?" అన్నాడు కాటమరాజు.

"ఇంట్లో పెట్టొస్తే నీ సావాసగాళ్ళు బేరం తెంచుకొని తోలుకపోతారు. అదీగాక, పాపం, చర్చి కోసం పుట్టినవి, చర్చి అయినా చూడనీ."

లోపల పాటలయ్యాయి. పిల్లల నాటకం అయింది. తర్వాత ప్రకాశరావు బహుమతులు పంచాడు. పండుగ ముందురోజు బజారంతా తిరిగితే పాపం ఆయనకు దొరికినవి రంగురంగుల ప్లాస్టిక్ ఈలలు. అయ్యగారు దీవెన చెప్పడానికి చేతులెత్తిన క్షణంలో పిల్లలందరూ ఒక్కసారి ఊదారు.

ఆ చప్పుడు ఎంత దూరం పోయిందో మార్కాపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. బస్టాండులో గిద్దలూరు బస్సు కండక్టరు ఎక్కకుండానే కదిలిపోయిందట. అయ్యగారు రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లు ఆగి, మూడోసారి మైకులోనే, "ప్రకాశరావు గారూ, ఆ ఈలలు దయచేసి వెనక్కు తీసుకోండి" అన్నారు. ఆయన బెంచీల వెంట తిరిగి ఒక్కొక్కటే లాక్కున్నాడు. ఈలల మోత పోయి ఏడుపుల మోత మొదలైంది. ఎలాగో దీవెన అయిందనిపించి జనం బయటికి వచ్చారు. పిల్లలు మాత్రం మెట్ల మీద వరుసగా కూర్చొని, ఇంత అన్యాయం లోకంలో ఎక్కడా లేదన్నట్టు ఏడుస్తున్నారు.

మణెమ్మ షామియానా కిందికి పరిగెత్తుకొచ్చింది. "వదినా, తెచ్చినావా?"

"తెచ్చినా. వెనక్కి తీసుకపోవడానికే తెచ్చినా" అంది వీరమ్మ, సంచి మూతి గట్టిగా పట్టుకొని.

"బతిమాలించుకోవద్దే తల్లీ."

"చెవులు తెగినవి చర్చికి పనికిరావని చెప్పింది నేనా?"

మణెమ్మ మెట్ల వైపు చెయ్యి చూపించింది. మెట్ల మీది ఏడుపు ఇంకో మెట్టు ఎక్కింది. వీరమ్మ విసుగ్గా తల కొట్టుకొని సంచి వదిలేసింది.

గొర్రెలు బయటికి వచ్చాయి. ఏడుపు ఆగిందని చెప్పడం చాలదు. ఎవరో స్విచ్చి ఆపేసినట్టయింది. ఒక పిల్ల గొర్రెను గడ్డం కింద పెట్టుకొని కళ్ళు మూసుకుంది. ఒకడు తన గొర్రెను బంతిపూల దండ దగ్గరికి తీసుకుపోయి మేపడం మొదలుపెట్టాడు. వీరమ్మ కుర్చీలోంచి మెడ సాచి చూసింది. ఇన్ని రోజులు ఆమె చూడాలనుకున్నది ఇదే. అది సరిగ్గా ఒక గుక్కెడు టీ తాగేంతసేపు ఉంది.

ఆ తర్వాత బంతిపూలు మేపుతున్నవాడు గొర్రెను కింద పెట్టి చెప్పు వేసుకున్నాడు. పక్కవాడు దాన్ని తీసుకున్నాడు. "నాది!" "కాదు, నాది!" మణెమ్మ మనవరాలు అమూల్య తన గొర్రె మారిపోయిందని ఒకడి జుట్టు పట్టుకుంది. వీరమ్మ కంటికి దేనికదే వేరు. ఇది కాకికి భయపడేది, అది దొంగ మేతది. పిల్లల కంటికి అన్నీ ఒకటే: అవే వాలు చెవులు, అదే చీలిక. మెట్ల మీద పొట్టేళ్ళ పోట్లాటను మించిన యుద్ధం లేచింది. ఒక గొర్రె తోక ఒకడి చేతిలో, తల ఇంకొకడి చేతిలో. నడుం కుట్టు పటపటమంది.

"చూశావా మణెమ్మా, ఇవీ వెనక్కు తీసుకోవాల్సిందే" అన్నాడు ప్రకాశరావు, అప్పటికే అలసిపోయిన గొంతుతో. ఆయన చేయి ముందుకు చాచాడు.

ఆ నడుం కుట్టు చప్పుడు వీరమ్మకు వినపడింది. నెలరోజుల విసుగంతా ఒక్కసారి పైకి పొంగింది. కుర్చీ తన్నేసి లేచింది. చెప్పులు వదిలి మెట్ల మధ్యకు వచ్చి నిలబడింది.

"వదలండి! తోకలు వదలండి ముందు! గొర్రెను పట్టుకునేది ఇట్లనేనా?"

తోకలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. ప్రకాశరావు చేయి కూడా గాల్లో ఆగింది. వీరమ్మ మెట్టు మీద చతికిలబడి, నడుం దగ్గర దోపుకున్న చిన్న కత్తెర తీసింది.

"మంద చేతులు మారితే కొత్త గుర్తు పెట్టుకోవాల. ఆమాత్రం తెలీదా మీకు? ఒక్కొక్కరే రండి. ఎవరి గుర్తు వాళ్ళు చెప్పండి. చెప్పినాక మార్చేది లేదు."

కాటమరాజు ఎక్కణ్ణుంచో వచ్చి, కర్ర అడ్డంపెట్టి పిల్లల్ని ఒక వరుసలోకి తెచ్చాడు. జుట్టు సర్దుకుంటూ అమూల్య ముందు వచ్చింది.

"నాకు ఈ చెవికి ఇక్కడొకటి, ఇక్కడొకటి."

గొంగడి చెవి మెత్తగా తెగింది. ఒక్క పోగు ఊడలేదు. తర్వాతవాడు రంపం పళ్ళలా కావాలన్నాడు. ఇంకొకడు రెండు చెవులూ మొత్తం తీసెయ్యమంటే వీరమ్మ వాడి చెవే పట్టుకుంది. ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి, చెవి మధ్యలో కిటికీ పెట్టమంది. "కిటికీ అంట, కిటికీ! తలుపు వద్దా?" అని గొణుగుతూనే వీరమ్మ చెవిని మడిచి చిన్న గాటు పెట్టి కిటికీ తీసింది. ఆ పిల్ల అందులోంచి చర్చి గంటను చూసింది. దాంతో వెనకున్న వాళ్ళందరికీ కిటికీలే కావాల్సి వచ్చాయి. "ఒకటే మందైపోతది మళ్ళా! వేరే చెప్పండి, బుర్ర వాడండి!"

ఒక చిన్నది తన గొర్రెను వెనక దాచుకుంది. "నాకు కొయ్యొద్దు అవ్వా. దానికి నొప్పి."

"నొప్పేందే? లోపలుండేది మల్లేశ్వరమ్మ జాకెట్ ముక్కలు." ఆ పిల్ల కదలలేదు. వీరమ్మ నిట్టూర్చింది. "సరే పో. కొత్త గాటు లేనిది నీదొక్కటే. అదే నీ గుర్తు."

మణెమ్మ ఆమె పక్కన వచ్చి కూర్చొని, తెగిన గొంగడి తునకలు దోసిట్లో ఏరుకుంది. ఆవిడ మొహం చూస్తే నిన్నటి మనిషి కాదు. "వదినా, వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు అన్నావంటే ఇదే కత్తెరతో నీ చెవికి గాటు పెడతా. బిరియాని చల్లారిపోతాంది, వీళ్ళ వరుస తెగదు, నా నడుం పడిపోయింది. ఊ, తర్వాత ఎవరు? చెప్పు, తొందరగా!"

తర్వాత వచ్చిన చేతులు పిల్లల చేతుల కంటే చాలా పెద్దవి. ముడతలు పడి ఉన్నాయి. సంచి అడుగున మిగిలిపోయిన ఎర్ర దొర గొర్రె వాటిలో ఉంది. వీరమ్మ తలెత్తింది. ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో పిల్లలెవరూ లేరనుకో. అయినా, అమ్మా వీరమ్మా, దీనికి..."

"సార్, వరుసుంది" అంది వీరమ్మ.

ఆయన వెనక్కు చూశాడు. నిజంగానే ఉంది. పోయి చివరి పిల్ల వెనక నిలబడ్డాడు. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, ఏ గుర్తు పెట్టించుకుంటున్నావని అడిగితే, ఆయన గొర్రె చెవి అటు తిప్పి ఇటు తిప్పి, ఇంకా తేలలేదన్నాడు.